సుంకప్ప కాలికి పన్ను

మా ఆదోని పత్తి బజారులో కళ్ళజోడు పెట్టుకున్న కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఇన్‌కంటాక్సు మనిషే అని తీర్మానించేస్తాం. చేతిలో తోలుసంచీ కూడా ఉంటే ఇక విచారణే అక్కర్లేదు. ఒకసారి పెళ్ళిసంబంధం మాట్లాడడానికి బళ్ళారి నుంచి వచ్చిన పెద్దమనిషిని చూసి సగం అంగళ్ళు తలుపులు మూసేశాయి. పాపం, ఆయన ఊళ్ళో ఎవరో పోయారనుకుని తిరుగు రైలెక్కాడు.

నేను మండీలో గుమస్తాను, పేరు ఇంద్రసేనయ్య. నాకు నా నీడ మీద కూడా అనుమానమే. అటువంటి బజారులో భయం లేనివాడు మా పక్కింటి మిల్ట్రీ సుంకప్ప ఒక్కడే. అరుగు మీద పేము కుర్చీ వేసుకుని, కుడికాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, "నాది సర్కారు పెన్షను. ఇచ్చే సెయ్యే పట్టుకుంటాదా అన్నా?" అని నవ్వేవాడు. పేరులోనే సుంకం పెట్టుకున్నవాడు కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది.

ఆ పెన్షను ఆ కుడికాలి పుణ్యమే. యుద్ధంలో బర్మా సరిహద్దున దెబ్బ తగిలితే, ఇక సైన్యానికి పనికిరావని ఇంటికి పంపించారు. వచ్చిన కొత్తలో కంచరగాడిద తన్నిందని చెప్పాడు. మరుసటేడు అది తుపాకి గుండయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి జపాను ఫిరంగి అయింది. దెబ్బ పెరిగిన కొద్దీ ఆ కాలు నేలకు దూరమైంది.

ఆయన భార్య హులిగమ్మ ఎమ్మిగనూరు నేతవాళ్ళ ఆడపడుచు. ఇంట్లో మగ్గం నేసేది ఆమే, నీళ్ళు మోసేది ఆమే. నూలు కోసం ఎమ్మిగనూరు బస్సెక్కేదీ, కట్ట నెత్తిన పెట్టుకుని దిగేదీ ఆమే. మొగుణ్ణి మగ్గం గుంతలో దిగమంటే, "తొక్కేది యా కాలితోనే? జపానోడు మిగిల్చిన కాలితోనా?" అనేవాడు. ఆ చలికాలం ఆమెకు భుజం పట్టేసింది. బిందె ఎత్తేటప్పుడు పళ్ళు బిగబట్టేది. చూస్తే నాకు నిజంగా జాలేసేది. కానీ నాకు నడుము నొప్పి. బిందెలు ఎత్తకూడదు. మా ఇంట్లో కూడా మా ఆవిడ వాసవే ఎత్తుతుంది.

ఒకరోజు పొద్దున్నే హులిగమ్మ పళ్ళెం నిండా బొరుగుల ఉగ్గాని, పైన మిరపకాయ బజ్జీలు పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పండగ లేదు, పబ్బం లేదు. నేను పళ్ళాన్ని వదిలేసి ఆమె వైపు చూశాను.

"ఏం కావల్లమ్మా?"

"ఇవి సూడన్నా." కొంగుచాటు నుంచి సుంకప్ప చెప్పులు తీసి బోర్లించింది. రెండూ ఒక్క మాదిరే అరిగి ఉన్నాయి. "కుంటోని సెప్పులు ఇట్ల అరుగుతాయా? అదీగాక దినమంతా కుర్చీలో కూసున్నోనికి అరిగేదెట్లా? నేను బస్సెక్కి పోయిన దినాల్లో ఈ సెప్పులు యాడికి పోతాండాయి?"

నాకు తెలుసు. స్టేషను దగ్గర పేకాటకు పోతున్నాయి. సాటి మగవాణ్ణి పట్టించడం ధర్మం కాదని నోరు మూసుకున్నాను. రెండో బజ్జీ తిన్నాక చెప్పేశాను.

"అయితే నాలుగు దులిపెయ్యి" అన్నాను.

"తిడితే ఇంకా కుంటుతాడు. నువ్వేమీ సెప్పొద్దు. ఆయప్ప ఏమడిగినా ఊఁ అను, సాలు."

ఆ సాయంత్రమే సుంకప్ప గోడ మీదుగా తల పెట్టి, గొంతు తగ్గించి పిలిచాడు. "అన్నా, ఎదురింట్లో కొత్తగా దిగినాడే కళ్ళజోడోడు, ఇన్‌కంటాక్సోడంట. నిజమేనా?"

"ఊఁ" అన్నాను. ఆయనెవరో నాకు తెలియదు గానీ, నేనూ అదే అనుమానంతో మూడు రోజులుగా వెనక సందులోంచే తిరుగుతున్నాను.

"మిల్ట్రీ పెన్షన్లు సూసేదానికే వచ్చినాడంట?"

"ఊఁ."

"కాళ్ళు బాగుండేవాళ్ళకు వదిలేసి, దెబ్బ తగిలిన పెన్షనుకే పన్నేస్తారంట?"

నాకు పొలమారింది. నాకు తెలిసినంతవరకు సంగతి పూర్తిగా తలకిందులు. దెబ్బతిని వచ్చినవాళ్ళ పెన్షనుకు పన్ను లేదు. మామూలు పెన్షనయితే జీతంతో సమానంగా రాబడి కిందికి వస్తుంది, పన్ను మాత్రం బాగా రాబడి ఉన్నవాళ్ళకే. కానీ ఉగ్గాని ఇంకా కడుపులోనే ఉంది. "ఊఁ" అన్నాను.

గోడ అవతల వెంటనే మొదలయింది.

"ఎవురు సెప్పినారే నీకు?"

"బస్సులో సెప్పినారు."

"బస్సులో చట్టాలు సెప్తారా?"

"సదువుకున్నోళ్ళు బస్సెక్కరా? కుర్చీలో కూసున్నోళ్ళకే అన్నీ తెలుస్తాయా?"

"అసలు కుంటోనికి పన్నేందే?"

"కుంటోడు ఊరికే కూసుని తింటాడు కదా, అందుకు. కాళ్ళు బాగుండేవాడు కష్టపడతాడని వదిలేసినారంట. నాకైతే న్యాయంగానే ఉంది."

"బత్తేలు కూడానా? అప్పుడు బట్టలకు, రేషనుకు ఇచ్చినారు..."

"అన్నీ. నువ్వు బర్మాలో తిన్న రొట్టెలు కూడా ఎంచుతారంట."

గోడ మీదుగా తొంగి చూశాను. సుంకప్ప కాలు ముక్కాలిపీట మీంచి తనంతట తానే దిగుతోంది.

మర్నాడు పొద్దున ఎదురింటి అరుగు మీద కళ్ళజోడాయన కాఫీ తాగుతున్నాడు. సుంకప్ప రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని ఆయన ముందు నుంచి కవాతు చేసుకుంటూ పోయాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఆ చూపు సుంకప్పకు నచ్చలేదు. బిందెలు నింపి తెచ్చి, పక్కవాళ్ళ తొట్టి కూడా నింపాడు.

ఆ రోజు నుంచి ఆయన చూస్తే చాలు, సుంకప్ప ఏదో ఒకటి ఎత్తేవాడు. వీధి తలుపు తెరిచిపెట్టి మగ్గం గుంతలో దిగి, చప్పుడు వీధి చివరికి వినపడేటట్టు తొక్కాడు. బస్సు దగ్గర నుంచి నూలు కట్ట భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. పైకప్పు ఎక్కి, ఏమీ పాడుకాని దాన్ని బాగుచేశాడు. కళ్ళజోడాయన ఒక్కోసారి తల ఊపేవాడు. "తల ఊపినాడన్నా! నమ్మినాడంటావా, కనిపెట్టినాడంటావా?" అని నన్నడిగేవాడు సుంకప్ప. నాకూ తెలియదు. నాకు తెలిసిందల్లా, హులిగమ్మ అరుగు మీద పేము కుర్చీలో కూర్చుని భుజానికి నూనె రాసుకుంటోందని.

చివరికి ఒకనాడు ఆయన మా మండీ ముందు నిలబడి బేరాలు చూస్తున్నాడు. సుంకప్ప గమనించాడు. ఎవరూ అడక్కుండానే పత్తి కుక్కిన ఒక గోనె బోరెం వీపు మీదికి ఎత్తుకుని పరుగు తీశాడు. వంగి పరిగెత్తేవాడికి ఎదురేముందో కనపడదు. నేరుగా పోయి ఆయన్నే గుద్దుకున్నాడు.

బోరెం పిగిలింది. బజారంతా దూది. తెల్లటి కుప్పలోంచి ముందు కళ్ళజోడు, తర్వాత ఆయన లేచారు. సుంకప్ప నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"సార్! నా కాలు బాగుంది సార్! జపానోళ్ళెవరో నాకు తెలీదు సార్! కంచరగాడిద తన్నింది, అదీ మెల్లగా!"

ఆయన మీసాల్లోంచి దూది తీసుకుంటూ నవ్వాడు. "సాలప్పా, సాలు. నేను టాక్సోన్ని కాదు. యేసేపు నా పేరు, ప్రెస్సింగు మిల్లులో రైటరును. మా గేటుకు మిల్ట్రీ మనిషి కావల్లంటే మీ ఇంటామె నిన్ను సెప్పింది. కుంటోన్ని పెట్టుకోలేనమ్మా అంటి. వారం సూడన్నా, ఒక్క దినం కుంటినా వద్దని సెప్పు అనింది. సోమవారం నుంచి పనిలోకి రా."

బజ్జీలు తిన్న నాకే ఈ సంగతి తెలియదు.

"మరి దెబ్బ పెన్షనుకు పన్ను?" అన్నాడు సుంకప్ప నీరసంగా.

"దానికి పన్నెవరేస్తారప్పా? అది మాఫీ."

అంతే. సుంకప్ప ముఖం వంకర పోయింది. "అమ్మా, కాలు!" అని మూలుగుతూ ఇంటిదారి పట్టాడు. కానీ హడావుడిలో ఎడమకాలితో కుంటడం మొదలుపెట్టాడు. "అది కాదప్పా, ఇంకోటి!" అని బజారు బజారంతా అరిచింది.

ఇంటి ముందు హులిగమ్మ ఆ చెప్పుల జత పట్టుకుని నిలబడి ఉంది. సుంకప్ప చివరి ఫిరంగి పేల్చాడు. "మిల్లు జీతం, పెన్షను రెండూ కలిస్తే నాకు ఇన్‌కంటాక్సు పడదా ఏమే? నన్ను జైల్లో ఏయిస్తావా?"

"నీకు టాక్సు పడేంత రాబడి వచ్చిన దినం, నేనే ఎదురుపోయి హారతిచ్చి కట్టొస్తాలే" అంది హులిగమ్మ. చెప్పులు ఆయన కాళ్ళ ముందు పెట్టింది. "ఇంగ ఈటిని మిల్లుకు పోయి అరగదియ్యి."

ఇప్పుడు సుంకప్ప ఖాకీ వేసుకుని మిల్లు గేటు దగ్గర నిలబడతాడు. సెలవునాడు నూలు కట్ట తనే తెస్తాడు. హులిగమ్మ భుజం నొప్పి తగ్గింది, ముఖం కూడా తేటపడింది. చూస్తే నాకు సంతోషమే. కానీ మొన్న గేటు దగ్గర ఆయన నన్ను ఆపి, పైనుంచి కిందికి చూశాడు.

"అన్నా, నిజం సెప్పు. ఆ దినం మూడుసార్లు ఊఁ అంటివే, ఎందుకన్నా?"

"బజారులో అనుకుంటుంటే విన్నానప్పా."

"నీ సొక్కా మీద పసుపు మరక ఉండె. మా ఇంటి ఉగ్గాని నేను గుర్తుపట్టనా?"

నేను నడుము పట్టుకుని, మూలుగుతూ అక్కణ్ణుంచి జారుకున్నాను. ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి నూనె వాసన. వాసవి పళ్ళెంలో ఉగ్గాని సర్ది, పైన బజ్జీలు పేరుస్తోంది.

"ఎవరికే?" అన్నాను.

"మిల్ట్రీ సుంకప్పకు" అంది, నా వైపు చూడకుండా.

పండగ లేదు, పబ్బం లేదు. నేను ఇంకేమీ అడగకుండా బిందె తీసుకుని నీళ్ళకు బయల్దేరాను.