తోలు తీయుటకు నియమావళి

మనిషి పుట్టుకతో తెచ్చుకునే చర్మం ఒక్కటే కావడం సృష్టిలోని ఘోరమైన లోపం. దాన్ని సరిదిద్దే బాధ్యతను ఆన్‌లైన్ ఆటల కంపెనీలు పెద్ద మనసుతో భుజాన వేసుకున్నాయి. (మనసు ఉచితం. చర్మానికి మాత్రం ధర ఉంది.)

ఒక మధ్యాహ్నం మా వీధి దర్జీ ఫోనుకు సందేశం వచ్చింది: "అభినందనలు! మీరు చర్మం కొన్నారు." ఆయన చొక్కా చేయి మడిచి చూసుకున్నాడు. పాతదే ఉంది. పోయింది డబ్బు. కుట్టు మిషనుకు మోటారు పెట్టించాలని మోకాళ్లు అరిగేలా తొక్కి కూడబెట్టినది. పదో తరగతి చదివే కూతురు ఆ ఫోనులోంచే ఆటలో తన బొమ్మకు రెక్కల కోటు కొంది. బొమ్మ వేసుకునే ఆ వేషాన్నే కంపెనీవారు చర్మం అంటారు.

"ఉండు, నీ తోలు తీస్తాను!"

"వద్దు నాన్నా, తీస్తే మళ్లీ కొనాలి," అంది కూతురు కంగారుగా.

దర్జీ కోటు చూశాడు. ఒళ్లు మండింది. "కాజాల్లేవు, గుండీల్లేవు. దీనికా అంత డబ్బు? అయినా చంక దగ్గర కుట్టు భలే కుదిరిందే!"

కోటు తీసేసుకుని డబ్బు వాపసివ్వమని కంపెనీకి ఫోను చేస్తే తోలు తీయు విభాగపు ఉప చర్మాధికారి ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"తప్పకుండా తీస్తామండీ. తండ్రిగారు స్వయంగా ఆటలోకి వచ్చి మా ఆఫీసులో హాజరవ్వాలి."

దర్జీ ఆటలోకి దిగాడు. కొత్తవారికి కంపెనీ ఉచితంగా ఇచ్చేది బనియనూ నిక్కరూ. వీధి మొత్తానికి బట్టలు కుట్టిన మనిషి ఆ అవతారంలో ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డాడు. కాపలా రాక్షసుడు బోర్డు చూపించాడు: "చర్మం లేనివారికి ప్రవేశం లేదు."

"ఏదో ఒకటి కొనెయ్ నాన్నా, అందరూ చూస్తున్నారు," అంది కూతురు.

పరువు సమస్య. మిగిలిన డబ్బుతో ఆయనా రెక్కల కోటే కొన్నాడు. (చౌక రకం కూడా ఉంది. కానీ కాలరు సరిగ్గా కూర్చోలేదు.)

లోపల ఉప చర్మాధికారి తీర్పు చెప్పాడు: "ఒకసారి తొడిగినది వాపసు తీసుకోబడదు."

దర్జీ రెక్కలు ముడుచుకుని బయటికి నడిచాడు. ఆయన కొట్లోనూ గోడ మీద ఉన్నది అదే మాట.

సాయంత్రం భార్య వచ్చి, "మోటారేదండీ?" అంది. సంగతి విని కత్తెర అందుకుంది. "ఇద్దరి తోలూ తీస్తాను!"

ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలని తండ్రీ కూతుళ్లు వినయంగా మనవి చేశారు.

ఫోనులో ఆయనకిప్పుడు రెండు జతల రెక్కలున్నాయి. మిషను మాత్రం మోకాళ్లతోనే నడుస్తోంది.