పన్నెండు రొయ్యలు, నలభై తలకాయలు

మా ఆవిణ్ణి నేను చాటుగా ‘భూతద్దం’ అంటాను. ఎదురుగా అనే ధైర్యం నాకు లేదు, మీకూ ఉండదు.

గొడవంతా నా పడక్కుర్చీ గురించి. గుడ్డ చిరిగింది, ఒక కాలు కుంటిది. అయినా పోస్టాఫీసులో రోజంతా ముద్రలు గుద్ది వచ్చిన నడుముకి అదే దిక్కు. దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని ఆవిడ పట్టుబట్టింది.

"పదేళ్లుగా అందులో పడుకుని నా వంటకి వంకలు పెడుతున్నారు. ఒక్కపూట మీరు వండి చూపించండి, కుర్చీ జోలికి రాను."

"ఏం వండమంటావు?"

పేపర్లోంచి కత్తిరించిన కాగితం చేతిలో పెట్టింది. వాఫుల్స్ అనే గళ్ల అట్లు, వెన్నలో వేయించిన రొయ్యలు. మైదా, గుడ్లు, పాలు, కరిగిన వెన్న కలిపి గళ్ల పెనంలో పోయాలట. రొయ్యలు ఒలిచి, వీపు మీది నల్లనరం తీసి, వెల్లుల్లి, మిరియాలు వేసి మూడు నిమిషాలు వేయించాలట. పైన ‘సులభమైన వంటలు’ అని ఉంది. ఆ రాసినవాడు జన్మలో రొయ్య ఒలిచి ఉండడు.

ఆదివారం పొద్దున్నే "అక్కయ్యింటికి వెళ్లి గంటలో వస్తా" అంది. ఒక్క హెచ్చరికైనా చేయకుండా వెళ్తోందేమిటని నాకు అనుమానం. సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి కనిపెట్టి చూశాను.

ఆ తర్వాత హోటలుకి పరుగెత్తి రెండూ పొట్లం కట్టించుకొచ్చాను. చొక్కా మీద మైదా చల్లుకున్నాను. గుడ్లు పగలగొట్టి సింకులో పారబోశాను. చేపల దుకాణంలో బతిమాలి రొయ్యల పొట్టు, తలకాయలు సంచెడు తెచ్చి చెత్తబుట్టలో పోశాను. ఇల్లంతా ఒకటే కంపు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆవిడ వచ్చింది. పళ్లెం వంక చూడనైనా చూడకుండా చెత్తబుట్ట మూత తీసింది. వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"ఏమండీ, పళ్లెంలో రొయ్యలెన్ని?"

"పన్నెండు."

"బుట్టలో నలభై తలకాయలున్నాయి."

"మిగతావి... రుచి చూశాను."

"ఇరవై ఎనిమిదా?"

"ఉప్పు సరిపోయిందో లేదో ఎంతకీ తేలందే!"

నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "సబ్బు వాసన తప్ప ఇంకేం లేదే?"

"అబ్బ, రొయ్యల సంగతి వదిలెయ్యవే! వాఫుల్స్ చూడు, గళ్లు ఎంత ముచ్చటగా పడ్డాయో!"

"అవునండీ. ఏ పెనంలో పోశారు?"

"మన గళ్ల పెనంలోనే!"

ఆవిడ తన సంచిలోంచి గళ్ల పెనం తీసి బల్ల మీద పెట్టింది. "మంగళవారం అక్కయ్య పట్టుకెళ్లింది. పాపం, మీకు ఇబ్బందవుతుందని పనిగట్టుకుని వెళ్లి తెచ్చాను."

సిగ్గుతో చచ్చిపోయాను. "కుర్చీ పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యి" అన్నాను నేల చూపులు చూస్తూ.

"ఎందుకండీ, ఉండనివ్వండి" అంది. ఇంత తేలిగ్గా వదిలేసిందేమిటని మళ్లీ అనుమానం. అదే సంచిలోంచి కిలో పచ్చిరొయ్యలు తీసి నా ముందు పెట్టి, వెళ్లి నా కుర్చీలో నడుం వాల్చింది.

"నల్లనరం తీశారా?"

"తీశానే!"

"నేన్నమ్మను. తెచ్చి చూపించండి."

ఒక్కో రొయ్యకీ లేచి వెళ్లి చూపించి వచ్చాను. పదకొండో రొయ్య దగ్గర ఆవిడ కళ్లు మూసుకుని అంది:

"నడుముకి భలే హాయిగా ఉందండీ. దీన్ని ఇంకెవరికీ ఇవ్వను, మీక్కూడా."