బాగోలేకపోతే నొక్కవలసిన బటన్

తప్పుల్లేవని తాను ముద్ర వేసిన పేజీని నమ్మి ఎవరో ఒకరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారని ఆమె భయం. ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే. (పాకే పిల్ల మెట్ల దాకా వెళ్తుందన్నది రెండోది. దానికి అడ్డంగా కుర్చీ పెట్టింది.)

మానవజాతి ఇంతవరకూ చేసుకున్న ఏర్పాట్లలో అక్షర విభాగమంత నిర్దోషమైనది మరొకటి లేదు. ఒంటరిగా ఉండేవాళ్ళ కోసం ఒక సంస్థ యాప్ తయారు చేసింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే సూచనలు నలభై రెండు పేజీలు. వాటిలో అక్షరదోషాలు ఏరడం ఈ విభాగం పని. పిల్ల నిద్రపోయే వేళల్లో ఇంటి నుంచే చేసుకోవచ్చు. ఆమె చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. అయినా ప్రవేశ పరీక్షలో డిగ్రీలవాళ్ళకు నలభై తప్పులు దొరికితే ఆమెకు అరవై మూడు దొరికాయి. వాళ్ళు వాక్యం చూడగానే అర్థమైపోయి ముందుకు సాగిపోయారు. ఆమె ఇప్పటికీ మాట మాటకీ వేలు పెట్టి చదువుతుంది.

అర్థమైపోవడం అనే ఈ జబ్బును విభాగాధిపతి ముందే పసిగట్టి అయిదో నియమం పెట్టాడు. దిద్దేవారు ప్రతి పేజీని చివరి మాట నుంచి మొదటి మాటకు చదవవలెను. మొదటి మాట చేరేసరికి చివరి మాట గుర్తుండరాదు. అర్థం సంగతి చూసుకోవడానికి వేరే అర్థ విభాగం ఉంది. (అందులో ఒక్కటే ఉద్యోగం. రెండేళ్ళుగా ఖాళీ.)

అలా నాలుగు నెలలు కింది నుంచి పైకి చదివి, నలభై రెండు పేజీలకూ అడుగున ‘దిద్దినవారు: 214’ అని తన నంబరు ముద్ర వేసింది. ఆ యాప్ దేనికో ఆమెకు సరిగ్గా తెలియనే తెలియదు.

తెలిసింది పైవాటా పిన్ని వల్ల. పిన్ని బట్టలు కుడుతుంది. ఒంటరి మనిషి. షుగరు పడిపోయినప్పుడల్లా కళ్ళు తిరుగుతాయి. ఒకసారి మిషను పక్కనే, కత్తెరకు జానెడు దూరంలో పడిపోయింది. అందుకే ఫోనులో ఆ యాప్ వేయించుకుని, కళ్ళజోడు సూదిలో దారం ఎక్కించడానికి పనికొస్తోంది గానీ ఫోనుకు ఆనడం లేదని, కాస్త చదివిపెట్టమని కిందికి దిగి వచ్చింది.

పెద్దావిడకు కింది నుంచి పైకి చదివి వినిపిస్తే బాగుండదు. కాబట్టి ఆమె మొట్టమొదటిసారి పై నుంచి చదివింది. రోజూ ఉదయం తొమ్మిదిలోగా, క్షేమంగా ఉంటే ఆకుపచ్చ బటన్ నొక్కాలట. నొక్కకపోతే సంస్థవాళ్ళు ఫోన్ చేస్తారట. ఇంతవరకూ బాగుంది. రెండు లైన్ల కింద, ఒంట్లో బాగోలేకపోతే ఆకుపచ్చ బటన్ నొక్కాలని ఉంది. యాప్‌లో సాయానికి పెట్టిన బటనేమో ఎర్రది. పేజీ అడుగున 214.

ఆమె ఆ లైను మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. పిన్నికి మాత్రం తెగ నచ్చింది.

“బాగున్నా పచ్చదే, బాగోకపోయినా పచ్చదే. ఒక్కటే గుర్తుంచుకుంటే సరిపోతుంది” అంది.

“కాదు పిన్నీ, అది తప్పు. బాగోకపోతే ఎర్రది నొక్కండి.”

“అచ్చులో ఉంది కదే అమ్మాయ్. నువ్వు తొమ్మిదితో మానేసినదానివి, వాళ్ళు ఇంజనీర్లు. నీ మాట వినాలా, వాళ్ళ మాట వినాలా?”

ఇక అచ్చునే మార్చాలి. దిద్దుబాటు ఫారంలో తప్పులు మూడు రకాలు: అక్షరం తక్కువ, అక్షరం ఎక్కువ, అక్షరాలు తారుమారు. నాలుగో గడిలో ‘ఇతరం’ అని ఉంది గానీ నొక్కితే పలకదు. ఆమె పిల్లను చంకనేసుకుని విభాగాధిపతికే ఫోన్ చేసింది.

“మాట సరిగ్గా రాసుందా లేదా?” అని అడిగాడాయన.

“రాసుందండీ. కానీ అది నొక్కితే సాయం రాదండీ.”

“సాయం మన విభాగం కాదమ్మా.”

ఆయన చెడ్డవాడేమీ కాదు. అర్థ విభాగానికి ఉత్తరం రాసుకోమని చిరునామా కూడా ఇచ్చాడు. పైగా, పేజీని ముందు నుంచి చదివినందుకు చర్య తీసుకోవలసి ఉన్నా, మొదటి తప్పని వదిలేశాడు.

సాయంత్రం భర్త సంగతంతా విని, ఊరుకుంటే పోయేదానికి ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకన్నాడు. ఆమె ఊరుకోలేదు. ‘అక్షరాలు తారుమారు’ గడిలో టిక్కు పెట్టింది. తప్పు మాట దగ్గర ‘ఆకుపచ్చ’ అని, సరైన మాట దగ్గర ‘ఎర్ర’ అని, తారుమారైన అక్షరాల దగ్గర ‘అన్నీ’ అని రాసి పంపింది.

గంటలో ఆమోదం వచ్చింది. ఒకే మాటలో ఇన్ని అక్షరదోషాలు పట్టుకోవడం విభాగం చరిత్రలో ఇదే మొదలని మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

అయితే ఆమోదం పొందిన ప్రతి దిద్దుబాటూ ఏకరూపతా సంఘానికి వెళ్తుంది. అదే దోషం మిగతా చోట్ల కూడా దొర్లి ఉన్నట్టు సంఘం కనిపెట్టింది. సమయం వృథా చేయకుండా ‘ఆకుపచ్చ’ అన్నచోటల్లా ‘ఎర్ర’ అని దిద్దించింది. సోమవారానికల్లా క్షేమంగా ఉన్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కాలి, బాగోలేనివాళ్ళూ ఎర్ర బటనే నొక్కాలి.

మాట వినే జనం. సోమవారం తొమ్మిదికి నాలుగువేల మంది క్షేమంగా ఎర్ర బటన్ నొక్కారు. సహాయ కేంద్రంలో నాలుగువేల గంటలు మోగాయి. మంగళవారమూ మోగాయి. సిబ్బంది చెవుల్లో దూది పెట్టుకుని విచారణ జరిపి, జనం ఎర్ర బటన్‌ను పొద్దుటి పలకరింపుగా వాడుతున్నారని తేల్చారు. బుధవారం గంట తీసేసి, ఎర్రది నొక్కినా ఫోనులో క్షేమమనే చూపించేలా మార్చారు. (సాయం కోసం వచ్చే పిలుపులు సున్నాకు పడిపోయాయి. సంస్థ దాన్ని విజయంగా ప్రకటించింది.)

ఈ వార్త ఆమెకు గురువారం చేరింది, ఉత్తమ దిద్దుబాటు ప్రశంసాపత్రంతో పాటు. దాన్ని పక్కన పడేసి, కుర్చీ జరిపి, పిల్లను ఎత్తుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది. పిన్ని మిషను ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. మొహం కాస్త పాలిపోయి ఉంది.

“నిన్న బాగా కళ్ళు తిరిగాయే. అందుకని ఎర్రది రెండుసార్లు నొక్కాను.”

“ఎవరైనా వచ్చారా?”

“రాలేదు. పాపం, వాళ్ళకి మాత్రం పనులుండవా?”

మర్నాటి నుంచి ఆమె రోజూ తొమ్మిదికి పిల్లతో సహా పైకి వెళ్ళి పిన్నిని చూసి వస్తోంది. ఈ పద్ధతికి ఏ విభాగం ఆమోదమూ లేదు. మిగిలిన మూడువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది మంది ఇళ్ళు మాత్రం ఆమెకు తెలియవు. అర్థ విభాగానికి రాసిన ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది. ఉద్యోగంలో ఎవరైనా చేరగానే చదువుతారట.

ఈలోగా మీ పైవాటాలోనో పక్కవాటాలోనో ఎవరైనా ఒంటరిగా ఉంటుంటే, దయచేసి ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. ఫోనులో క్షేమమని చూపిస్తున్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళండి.