మంత్రిగారి ఐదు కిలోమీటర్లు

ప్రజల ఆరోగ్యం నిమిత్తం ఆరోగ్య మంత్రిగారు స్వయంగా, తమ సొంత కాళ్ళతో, ఐదు కిలోమీటర్లు పరిగెత్తనున్నారని శనివారం ఉదయం పేపర్లన్నీ రాశాయి. సాయంత్రం ఆరున్నరకు నగరంలో జరిగే వేసవి పరుగులో వారు మూడు వేలమందికి ముందు నిలిచి పరిగెత్తుతారు. చదివినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఆ వార్త చదవనివాళ్ళు ఇద్దరే. ఒకరు మంత్రిగారు, ఇంకొకరు వారి పీయే. ఆ సమయానికి వాళ్ళు విమానంలో ఉన్నారు.

పన్నెండు రోజులుగా మంత్రిగారు మూడు దేశాల్లో ప్రజలు ఎలా నడుస్తారో కారులోంచి అధ్యయనం చేసి వస్తున్నారు. తిరుగు ప్రయాణంలో, ఒక పరాయి విమానాశ్రయంలో ఏడు గంటలు కూర్చోవలసి వచ్చింది. అప్పుడు ప్రచారాధికారి ఫోన్ చేశాడు.

"పరుగుకు సార్ జెండా ఊపుతారా, పరిగెత్తుతారా?"

పీయే పక్కకు తిరిగి, "సార్, పరిగెత్తుతారా అని అడుగుతున్నారు" అన్నాడు.

మంత్రిగారి తల ముందుకు వాలి లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మంత్రిగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నిటారుగా కూర్చునే నిద్రపోగలరు. నిద్రలో వారి తల నిమిషానికి నాలుగుసార్లు ఊగుతుంది. ఆ ఊపు మీద ఇప్పటికి ఒక వంతెన, రెండు ఆస్పత్రులు మంజూరయ్యాయి. ఏ ఊపు నిద్రదో, ఏ ఊపు మెలకువదో తెలిసిన మనిషి పీయే ఒక్కడే. తెలిసీ చెప్పకపోవడమే పదకొండేళ్ళుగా అతని ఉద్యోగం. మొదట్లో అది అబద్ధంలా ఉండేది. తర్వాత మర్యాదలా అనిపించింది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. అదే కాస్త భయంగా ఉంటుంది, భయపడే తీరిక ఉన్నప్పుడు.

"పరిగెత్తుతారట" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

శనివారం సాయంత్రం ఐదుకు విమానం దిగారు. ముప్ఫై ఒక్క గంటల ప్రయాణం. పీయే చేతి గడియారం ఇంకా పరాయి దేశంలోనే ఉంది. నేల మీద నిలబడ్డా అరికాళ్ళ కింద విమానం హోరు వినిపిస్తూనే ఉంది. కారులో మంత్రిగారికి ట్రాక్ సూటు అందించాడు.

"ఇదెందుకయ్యా?"

"మీరు పరిగెత్తుతున్నారు సార్."

"ఎవరు చెప్పారు?"

"మీరే సార్."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. "నేనే చెప్పి ఉంటే, ఏదో ఆలోచించే చెప్పి ఉంటాను" అని కాళ్ళు చాపారు. పీయే బూట్లు తొడిగాడు.

పీయేకి ఈ పరుగుతో సొంత పని కూడా ఒకటుంది. అతని కూతురు పరిగెత్తుతోంది. క్రీడా పాఠశాలలో పదహారేళ్ళ లోపు ఆడపిల్లలకు ఈ ఏడు మిగిలింది ఒక్కటే సీటు. ఈ పరుగును ఇరవై రెండు నిమిషాల లోపు ముగించినవాళ్ళలో మొదటివాళ్ళకు ఇస్తారు. ఆ పిల్లకు వచ్చే నెలలో పదహారు నిండుతాయి. ఏడాదిగా తెల్లవారుజామున లేచి పరిగెడుతోంది. తండ్రి మాత్రం ఆమె పరుగు ఒక్కసారి కూడా చూడలేదు. అతను లేచేసరికి గుమ్మం దగ్గర తడిసిన బూట్లు కనిపించేవి, అంతే.

వీధంతా రంగు దీపాలు, బెలూన్లు, ఐస్‌క్రీమ్ బండ్లు, బ్యాండు. మూడు వేలమంది. వాళ్ళకూ మంత్రిగారికీ మధ్య, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక లావుపాటి తాడు. తాడుకు చెరో కొసనా ఇద్దరు పోలీసులు. మంత్రిగారి ముందు ఎవరూ ఉండరాదన్నది భద్రతా నిబంధన. వారు ముందుకు కదిలితే తాడు కదులుతుంది, వారు ఆగితే ఆగుతుంది. ఈ ఉపాయం నగరాధికారిది. ఆయన దాన్ని రెండు రాత్రులు కూర్చుని ఆలోచించాడట.

తాడు వెనక మొదటి వరుసలోనే కూతురు ఉంది.

"నాన్నా, ఏంటిది?"

"ప్రోటోకాల్ అమ్మలూ."

"ఎంత దూరం ఉంటుంది?"

"ఆయన ఉన్నంత దూరం."

"మరి ఆయన తొందరగా పరిగెత్తుతారా?"

పీయే ఆ ప్రశ్న విననట్టు మంత్రిగారి మెడలో చెమట తుడిచాడు.

తుపాకీ పేలింది. గడియారం మొదలైంది. మంత్రిగారు పరిగెత్తారు. ఈ మాటలో అతిశయోక్తి లేదు. తొంభై అడుగుల దాకా వారిని ఎవరూ ఆపలేకపోయారు. తర్వాత నడిచారు. తర్వాత జనానికి చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. ఎడమ పక్కన ఫర్నిచర్ దుకాణంవాడు, పండగ కదా అని, ఒక సోఫా తెచ్చి బయట వేశాడు. మంత్రిగారు దాన్ని చూశారు. సోఫా కూడా మంత్రిగారిని చూసినట్టే పీయేకి అనిపించింది.

కూర్చున్నారు. నాలుగో ఊపిరికి నిద్రపోయారు.

తాడు ఆగింది. మూడు వేలమంది ఉన్నచోటనే పరిగెత్తసాగారు.

"సార్ ప్రజల సమస్యలు వింటున్నారు!" అని నగరాధికారి గంభీరంగా ప్రకటించాడు. అంతే, జనం చీమల్లా చేరారు.

"సార్, మా వీధి వెడల్పు చేయించాలి." తల ఊగింది.

"సార్, మా వీధి వెడల్పు చేస్తామంటున్నారు, ఆపించాలి." తల ఊగింది.

"ఈసారి సీటు నాదే కదన్నా?" అని ఒక పార్టీ కార్యకర్త. తల ఊగింది. అతని వెనకే ఇంకో కార్యకర్త అదే సీటు అడిగాడు. తల ఊగింది. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు, ఒకరి సంగతి ఒకరికి తెలియక.

ఆరు నిమిషాలయింది.

నగరాధికారి వంగి, చేతులు కట్టుకుని, "సార్, ముగింపు గీత ఇంకా దాదాపు ఐదు కిలోమీటర్లుంది. మీకు శ్రమ. గీతనే ఇక్కడికి తెప్పించమంటారా?" అన్నాడు.

తల ఊగింది.

నగరాధికారి కళ్ళు చెమర్చాయి. "ఎంత నిరాడంబరులు! నేను అనేదాకా తమంతట తాము అడగనే లేదు" అని ఫోన్ తీశాడు.

తాడు వెనక నుంచి కూతురు తండ్రినే చూస్తోంది. చేతులు తాడు మీద ఉన్నాయి. పీయే తనలో తాను వెతుక్కున్నాడు. 'సార్ నిద్రపోతున్నారు' అన్న రెండు మాటలు ఎక్కడో ఉండాలి. పదకొండేళ్ళుగా వాడని గదిలో సామాను వెతికినట్టుంది. తలుపు తీస్తే లోపల తనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తల ఊపుతూ. ఉలిక్కిపడ్డాడు. నిలబడే ఒక కునుకు తీశాడని తెలిసింది.

తొమ్మిదో నిమిషం. పీయే సోఫా వెనక్కి వెళ్ళి, అందరికీ వినపడేలా, "సార్, తాడు వదిలేయమంటారా?" అన్నాడు.

తల ఊగలేదు.

వీధి వెడల్పుకూ, దాన్ని ఆపడానికీ ఊగిన తల, ఒకే సీటుకు రెండుసార్లు ఊగిన తల, ఇప్పుడు బండరాయిలా నిలిచిపోయింది. పైగా చిన్న గురక.

"వద్దంటున్నారు" అన్నాడు నగరాధికారి.

"ఆలోచిస్తున్నారు" అన్నాడు పీయే. సోఫా వెనక నుంచి, చొక్కా సర్దుతున్నట్టు, మంత్రిగారి మెడ మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా ముందుకు నొక్కాడు. తల వాలింది. వదిలాడు. లేచింది.

"తాడు వదలండి!" అని నగరాధికారి కేక వేశాడు.

మూడు వేలమంది వరదలా వెళ్ళిపోయారు. అందరికంటే ముందు తన కూతురు వెళ్ళడం పీయే చూశాడు. ఆ పిల్ల అంత తేలిగ్గా ఉంటుందని అతనికి తెలియదు. మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత కూడా చాలాసేపు ఆ మలుపునే చూస్తూ ఉన్నాడు.

ఇంతలో గీత వచ్చేసింది. వెనక వీధుల గుండా ఒక లారీలో గాలి నింపిన పెద్ద ద్వారం, దాని మీద గడియారం, గడియారం పక్కన సమయం రాసుకునే గుమాస్తా. ద్వారాన్ని సోఫా మీదుగా నిలబెట్టారు. సోఫాను నలుగురు పట్టుకుని ఒక అడుగు ముందుకు జరిపారు. పందొమ్మిది నిమిషాల ముప్ఫై సెకన్లు. బ్యాండు మోగింది. మంత్రిగారు లేచారు.

"ఎంతసేపు పరిగెత్తానయ్యా?"

"పందొమ్మిదిన్నర నిమిషాలు సార్."

"ఒళ్ళంతా నొప్పులు" అన్నారు మంత్రిగారు, తృప్తిగా.

అక్కడ, దాదాపు ఐదు కిలోమీటర్ల అవతల, కూతురు అందరికంటే ముందు చేరింది. ఊడ్చే ఆవిడ కాగితం కప్పులు ఏరుతోంది. "ఇక్కడే ఒక గీత ఉండేదమ్మా. ఇందాకే పట్టుకుపోయారు" అంది.

కూతురు తన చేతి గడియారం చూసుకుంది. తాడు వదిలినప్పటి నుంచి ఇరవై ఒక్క నిమిషాల పది సెకన్లు. ఆ సంగతి ఊడ్చే ఆవిడకు చెప్పింది. "మంచిది తల్లీ" అందావిడ. ఇంటికి వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర కాదు, చెత్తబుట్ట పక్కన పెట్టింది.

నాలుగో రోజున ఆఫీసుకు క్రీడా పాఠశాల నుంచి ఉత్తరం వచ్చింది. "ఇరవై రెండు నిమిషాల లోపు గీత దాటినవారు గౌరవ ఆరోగ్య మంత్రిగారు ఒక్కరే. మిగిలినవారెవరూ గీత దాటినట్టు రికార్డు లేదు. కనుక బాలికల సీటు వారికి కేటాయించడమైనది. రెండు దుప్పట్లు, ఒక కంచం, తండ్రి సంతకంతో సోమవారం లోపు చేరవలెను."

"హాస్టల్లోనా?" అన్నారు మంత్రిగారు. "నాకు సభలున్నాయి. వద్దని రాసెయ్."

"వద్దంటే పరుగు మీద మీకే నమ్మకం లేదని పేపర్లవాళ్ళు రాస్తారు సార్."

"మరెలా?"

"ప్రారంభోత్సవాలకు మీ బదులు ఎవరినో పంపుతున్నాం కదా సార్. ఇదీ అంతే. మీ తరఫున పదహారేళ్ళ లోపు ఆడపిల్ల ఎవరైనా వెళితే నిబంధనకు కూడా సరిపోతుంది."

"అలాంటివాళ్ళు ఎవరున్నారు?"

"వెతకాలి సార్" అని పీయే కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. "దొరికింది సార్."

ఇంట్లో కూతురు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"రిజిస్టరులో నా పేరు ఉండదా?"

"కింద చిన్నక్షరాల్లో ఉంటుంది."

"ఇది అబద్ధం కదా నాన్నా?"

"కాళ్ళు నీవే కదా అమ్మలూ."

ఆ పిల్ల చాలాసేపు తన కాళ్ళు చూసుకుంది. తర్వాత వెళ్ళి చెత్తబుట్ట పక్కనున్న బూట్లు తెచ్చుకుని తుడవసాగింది. తండ్రి సంతకం అన్నచోట పీయే సంతకం పెట్టాడు. పదకొండేళ్ళలో 'మంత్రిగారి తరఫున' అని రాయకుండా అతను పెట్టిన మొదటి సంతకం అదే.

నెల తిరిగేసరికి ఆఫీసుకు ప్రగతి నివేదిక వచ్చింది. "విద్యార్థి: గౌరవ ఆరోగ్య మంత్రి. బరువు: నలభై నాలుగు కిలోలు. ఐదు కిలోమీటర్లు: ఇరవై నిమిషాల యాభై సెకన్లు. ఆకలి బాగుంది. లెక్కల్లో శ్రద్ధ పెట్టాలి." పీయే భోజనానికి వెళ్ళిన సమయంలో ప్రచారాధికారి దాన్ని చూశాడు. చివరి వాక్యం తీసేసి పేపర్లకు పంపాడు.

'నెల రోజుల్లో యాభై ఎనిమిది కిలోలు తగ్గిన మంత్రి!' అని మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. డాక్టర్ల సంఘం అభినందనలు తెలిపింది. ప్రతిపక్షం, ఇంకా తగ్గవలసిందని విమర్శించింది.

మంత్రిగారు వార్తను మూడుసార్లు చదివారు. "తెలియకుండానే ఎంత కష్టపడ్డానయ్యా!" అని పొట్ట నిమురుకున్నారు. ఆ తర్వాత, పాత బట్టలు ఇక వదులైపోతాయి కాబట్టి, దర్జీని పిలిపించారు.

దర్జీ వచ్చి నమస్కారం పెట్టి మంత్రిగారి నడుం చుట్టూ టేపు పెట్టాడు. రెండు కొసలూ కలవలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాడు. కలవలేదు. టేపు వైపు చూశాడు. బల్ల మీదున్న పేపరు వైపు చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి, పేపరు ప్రకారం కొలతలు రాసుకున్నాడు.