గుండ్రం చౌరస్తాలో దొరవారి సైకిలు

"స్వతంత్ర దేశంలో ఎవరూ, ఎవరి ముందూ సైకిలు దిగనవసరం లేదు!" అని పంచాయతీ సమితి అధ్యక్షులు నరహరిరావు గారు మైకులో ప్రకటించారు. వారి నాన్నగారు దొరగా ఉన్న కాలంలో, కోటలాంటి వారి గడీ ముందు సైకిలు దిగకపోతే ఏమయ్యేదో తెలిసిన ముసలివాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

నస్పూర్ దారిలో కొత్త గుండ్రం చౌరస్తాకు ఆరోజు ప్రారంభోత్సవం. నడుమ గద్దె కట్టారు గానీ విగ్రహం ఎవరిదో ఇంకా తేలలేదు. లారీలు, ఎడ్లబండ్లు, బొగ్గుబాయికి పోయే సైకిళ్ళు అన్నీ ఆగిపోయాయి.

"ఎడమ పక్క పట్టాలి, చేయి చాపాలి, ధైర్యంగా తొక్కాలి. నేనే చూపిస్తాను!" అన్నారు అధ్యక్షులు. జీపు వచ్చినప్పటి నుంచి వారు సైకిలు ముట్టలేదు. ప్రజల కోసం మళ్ళీ ముట్టారు, త్యాగమంటే అదీ.

ఆగిన సైకిళ్ళలో ఒకదాని మీదున్న బొగ్గుబాయి కార్మికుడు రాజలింగుకు మాత్రం ప్రాణం గిలగిల కొట్టుకుంటోంది. బాయిలో కాలు విరిగి ఇన్నాళ్ళూ మంచం మీదే ఉన్నాడు. మోకాలు వంగదు. సైకిలు ఎక్కాలంటే రాయి కావాలి, దిగాలంటే దేవుడు కావాలి. ఈ వారంలో ఒక్కరోజు బాయి సైరన్‌లోగా హాజరు పడకపోయినా అతని పని, ఇన్నాళ్ళూ అతని బదులు చేస్తున్న బదిలీ కూలీకి పోతుంది.

అధ్యక్షులు తొక్కుకుంటూ దగ్గరికి రాగానే జనమంతా సైకిళ్ళు దిగారు. ఎవరూ చెప్పలేదు, ఒంట్లో ఉన్న అలవాటు. రాజలింగు కూడా మూలుగుతూ దిగాడు.

అధ్యక్షులు కోప్పడలేదు. "చూసినవా మొగిలీ, ఎంత సేఫ్టీ!" అని పక్కన పరుగెత్తుతున్న కానిస్టేబుల్‌తో అన్నారు. ఆనందం పట్టలేక ఇంకో చుట్టు కొట్టారు. అప్పుడే రాయి వెతుక్కుని ఎక్కిన రాజలింగు మళ్ళీ దిగాడు.

మూడో చుట్టులో దిగలేదు. "దొరా, దిగొద్దని మీరే అన్నరు గదా!" అంటూ ఎడమ పక్క పట్టి, చేయి చాపి, వారి ముందు నుంచే తొక్కాడు.

తన ముందు ఒక సైకిలు అలా సాగిపోవడం అధ్యక్షులు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బెల్లు కొట్టారు. పక్కకు తిప్పుకోవడం వారికి ఎవరూ నేర్పలేదు, నేరుగా గద్దెకు గుద్దుకుని పూలదండల మీద పడ్డారు.

"తప్పయింది దొరా!" అని అరిచాడు గానీ రాజలింగు ఆగలేదు. ఆరోజు హాజరు పడింది. అతనికి ఎంత సంతోషమైందంటే, చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్నప్పుడు కూడా అంత కాలేదు.

తెల్లారేసరికి గద్దె మీద బోర్డు వెలిసింది: 'రోడ్డు భద్రత. సైకిళ్ళు దిగి నడవవలెను.'

"దిగు రాజలింగూ. రూలు అందరికి ఒక్కటే," అన్నాడు మొగిలి.

"మరి దొరకు?"

"దొర జీపుల వస్తుండు గదనే. జీపు దిగుమని బోర్డు మీద ఉన్నదా? ఆయన పోయేదాక జర ఆగు."

అధ్యక్షులు పత్రికల వాళ్ళను జీపులో ఎక్కించుకుని గద్దె చుట్టూ తిప్పుతున్నారు. "చూడండి, ఒక్క ప్రమాదమన్నా జరిగిందా?" అంటున్నారు. మూడో చుట్టులో ఉండగా బాయి సైరన్ మోగింది.

అధ్యక్షులు కిటికీలోంచి చేయి చక్కగా చాపారు. అందరూ చప్పట్లు కొట్టారు. రాజలింగు కొట్టలేకపోయాడు, రెండు చేతులతో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.