బోదపల్లెలో ఎవరూ లేరు

ఒక పెద్ద అడవిలో, చెట్లన్నీ అలిసిపోయి ఆగిపోయిన చోట, మోకాలెత్తు గడ్డిలో బోదపల్లె అని చిన్న ఊరు. ఊరంటే నవ్వకండి. కొన్ని కుందేళ్ళ బొరియలు, ఒక కౌజుపిట్టల గుంపు, ఓ కోపిష్ఠి ముళ్లపంది, ఆ పైన మన తీతువు రాళ్ళమ్మ. ఆవిడకి గూడంటూ లేదు. గులకరాళ్ళ మధ్య నేలమీదే గుడ్లు పెట్టుకునేది. రాయేదో గుడ్డేదో ఒక్కోసారి ఆవిడకే తెలిసేది కాదు.

ఆ ఊరికో ఆచారం ఉంది. కొత్త ముఖం కనబడిందా, ఊరు మాయం! కుందేళ్ళు బొరియల్లోకి, కౌజులు గడ్డిలోకి. రాళ్ళమ్మ మాత్రం రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, "అమ్మో, అయ్యో" అని కుంటుతూ, వచ్చినవాణ్ణి గుడ్లకి దూరంగా లాక్కుపోయేది.

ఒకనాడు అడవి కచేరీ నుంచి కబురొచ్చింది. ఊళ్ళ వివరాలు రాసుకోవడానికి అధికారి వస్తున్నాడట. ఎవరూ లేని చోటని తేలితే, ఆ నేల అడవిదున్నల మేతకి ఇచ్చేస్తారట.

సర్పంచి చెవులయ్య, ముసలి కుందేలు, అందర్నీ పోగేశాడు.

"ఈసారి ఎవడూ దాక్కోడానికి వీల్లేదు! బారుగా నిలబడి దండం పెట్టాలి. రాళ్ళమ్మా, నీ గుడ్లు కూడా చూపించు. అవీ జనాభాయే."

"వచ్చేదెవరు మావా?"

"ముంగిస."

రాళ్ళమ్మ ఎగిరిపడింది. "ముంగిసకి గుడ్లు చూపించమంటావా? మతిగానీ పోయిందా నీకు?"

"ఓసి పిచ్చిదానా, అది గవర్నమెంటు ముంగిస. డ్యూటీలో ఉండగా తినదు."

"డ్యూటీ దిగాకో?"

చెవులయ్య చెవి గోక్కున్నాడు. "అప్పటికి మనూరు రికార్డులకెక్కేసి ఉంటుందిగా!"

ముంగిస దొర బొజ్జ ఊపుకుంటూ రానే వచ్చాడు. గడ్డి కదిలిందో లేదో, దండాలు పెట్టడానికి నిలబడ్డ ఊరంతా ఒక్క గెంతులో మాయం. అందరికంటే ముందు బొరియలో దూరింది చెవులయ్యే.

రాళ్ళమ్మ నిలబడింది. నిజంగానే నిలబడింది పాపం. కానీ దొర ముక్కెగరేసి వాసన పట్టి, గులకరాళ్ళ వైపు తిరిగాడు. అంతే, ఆవిడ రెక్క దానంతటదే వాలిపోయింది.

"అమ్మో, నా రెక్క! అయ్యో, నా కాలు!"

దొర ఆవిడ వెనకే నడిచాడు. చాలా దూరం నడిచాక ఆయాసపడుతూ ఆగాడు.

"ఇక్కడ నీకెవరూ లేరా?"

రాళ్ళమ్మ గుడ్ల వైపు చూడకుండా జాగ్రత్త పడింది. "ఎవరూ లేరు బాబూ. ఒంటిపక్షిని."

దొర మనసు కరిగింది. 'బోదపల్లె: ఊరు లేదు. ఒక కుంటి పిట్ట కలదు. పింఛనుకి అర్హురాలు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఊరంతా బయటికొచ్చి, గండం గడిచిందని గంతులేసింది.

వారం తిరక్కుండా దున్నలు దిగాయి. రాళ్ళమ్మ వాటి ముందు పడి కుంటింది, పొర్లింది, గొంతు చించుకుంది. తినాలనుకునేవాడైతే వెంటపడేవాడు. దున్నలకి కావలసింది గడ్డి. ఒక్కటీ తల తిప్పలేదు, ఆవిడ కాలు తొక్కుకుంటూ తిన్నగా నడిచాయి. కుందేళ్ళు చెట్టుకొకటి పుట్టకొకటిగా చెదిరిపోయాయి. గులకరాళ్ళ మధ్య ఇప్పుడు గులకరాళ్ళే మిగిలాయి.

రాళ్ళమ్మ ఏడుస్తూ కచేరీకి పోయింది. "దొరా, మా ఊరు పోయింది! నా గుడ్లు పోయాయి!"

"ఏ ఊరు? ఏ గుడ్లు? ఎవరూ లేరని నువ్వేగా చెప్పావు?" ముంగిస దొర నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గుడ్లుంటే నాకు కనబడకపోవునా! సరేగానీ, నీ పింఛను మంజూరైంది. రోజూ గుప్పెడు పురుగులు. ఏదీ, పై అధికారుల ముందు ఓసారి నడిచి చూపించు."

రాళ్ళమ్మ నడిచింది. ఈసారి నటించాల్సిన పని లేకపోయింది.

నీతి: ఊరు పోతే పోయింది గానీ, కుంటడం మాత్రం బాగా వచ్చి ఉండాలి.