సాగర డేగలకు భద్రతా డాలు

సాగర డేగ నౌకావిమాన దళానికి ఈ ఏటి భద్రతా డాలు దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఏడాది పొడవునా ఒక్క ప్రమాదమూ జరగనందుకు ఈ గౌరవం. జరగకుండా చూసినవారు భద్రతాధికారి కమాండర్ దేవీప్రసాద్. ఆయన విమానాలు నడపరు, నివేదికలు నడుపుతారు. రెండోదానికే నేర్పు ఎక్కువ కావాలి.

వేసవిలో ఒక విమానం సముద్రంలో పడింది. పైలట్లు తడిబట్టలతో ఒడ్డుకు వచ్చేసరికి నివేదికలో అది ‘జలప్రవేశ సాధన’ అయి కూర్చుంది. వానాకాలంలో ఒక హెలికాప్టర్ రన్‌వే మీద దొర్లింది గానీ, నివేదికలో మాత్రం ఏ పొరపాటూ దొర్లలేదు. కొంగ తగిలి అద్దం పగిలినప్పుడు తప్పు కొంగదేనని తేలింది. వాంగ్మూలానికి కొంగ హాజరు కాలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా, డాలు అందుకోవాల్సిన రోజు ఉదయమే, సాయంత్రపు విన్యాసాల రిహార్సల్‌కు వెళ్లిన విమానం చక్రాల కింది తలుపు లేకుండా తిరిగొచ్చింది. ఆ తలుపు దాలయ్య అనే జాలరి వలలో పడిందనీ, ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటకు పెట్టారనీ కబురందింది. సంగతి పొక్కితే డాలు పోతుంది, డాలుతోపాటు కమాండర్ గారి ప్రమోషనూ పోతుంది. ఆయన యూనిఫాం విప్పి, పూల చొక్కా తగిలించుకుని పరుగెత్తారు.

హార్బర్‌లో ఒక కట్టడి ఉంది. వలలో వచ్చిందేదైనా గంగమ్మ ఇచ్చిందే, ఒడ్డుకు చేరితే పాటకు పెట్టాల్సిందే. కోనాం చేపల పక్కన, ఐసు మీద, తలుపు దర్జాగా పడుకుని ఉంది. దాలయ్య భార్య పోతమ్మ పాట నడిపిస్తోంది. పాత సామాన్ల నాగబాబు అప్పటికే పాడేస్తున్నాడు.

అది మాదంటే తలుపు దక్కుతుంది, డాలు దక్కదు. అందుకని దేవీప్రసాద్ తలుపును కూడా చేపలాగే బేరమాడదలిచారు. వంగి, వాసన చూసి, ముక్కు చిట్లించారు.

“నిలవ సరుకులా ఉందే. ఎప్పుడో మునిగిన ఓడది కాబోలు.”

దాలయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“నా వల్లో నిలవ సరుకేటి బాబూ? ఇందాకే, నా కళ్లెదుట, ఆకాశం నించి...”

దేవీప్రసాద్ గబుక్కున పాట పెంచేశారు. దాలయ్య నోరు మూతపడింది, పోతమ్మ కళ్లు తెరుచుకున్నాయి.

“మావా, ఎలా పడిందో మల్లీ ఓపాలి సెప్పు,” అంది ఆవిడ నిమ్మళంగా. “ఎనకున్నోల్లకి ఇనబడనేదంట.”

దాలయ్య ‘ఆకాశం’ అన్నప్పుడల్లా పాట ఆకాశానికెక్కింది. నాగబాబు తప్పుకున్నాక కూడా కమాండర్ తన పాట మీద తానే పాడారు. సంగీతం రాని మనిషి, గొంతు బొంగురుపోయేదాకా కచేరీ చేసి, తలుపును గోనెసంచిలో చుట్టించుకుని బయటపడ్డారు.

స్థావరం గేటు దగ్గర ఆ విమానం నడిపిన లెఫ్టినెంట్ యశస్విని ఎదురైంది.

“సార్, సాయంత్రం దాన్ని మళ్లీ నేనే ఎగరెయ్యాలి. తలుపు దొరికిందా?”

“ఏ తలుపమ్మా?”

ఆమె ఐసు నీళ్లు కారుతున్న గోనెకేసి చూసింది.

“ఆ కోనాం మీద మన దళం గుర్తుందేటి సార్?”

దేవీప్రసాద్ తొణకలేదు. తలుపు బిగించాలంటే ముందు అది ఊడిందని రాయాలి. ఊడిపోయిన తలుపు మళ్లీ ఊడదు గనక, విమానం ఉదయం కంటే ఇప్పుడే భద్రంగా ఉందని బోధించారు.

“అయితే రెక్కలు కూడా ఊడాక ఎక్కుతాను సార్, ఇంకా భద్రం,” అంది యశస్విని. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. హెల్మెట్ పట్టీ ఇంకాస్త బిగించుకుని వెళ్లింది.

సాయంత్రం బీచ్ రోడ్డు కిటకిటలాడింది. కమాండర్ గారి చుట్టాలు ఆనందపురం నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, “ప్రమాదం అనే మాటే ఎరగని దళమిది! దీని నీడన ఈ నగరం నిశ్చింతగా నిద్రపోవచ్చు!” అని సెలవిచ్చి, డాలును దేవీప్రసాద్ చేతుల్లో పెట్టారు.

అప్పుడే యశస్విని విమానం డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నుంచి వచ్చింది. అది వేదిక మీదికి వస్తూండగా దేవీప్రసాద్ డాలును రెండు చేతులతో ఎత్తి, నెత్తికి అడ్డంగా పట్టుకున్నారు. విమానం దాటిపోయేదాకా దించలేదు. ఎంత గర్వమో అని జనం చప్పట్లు కొట్టారు. చుట్టాలు ఈలలు వేశారు.

మనం మాత్రం పిల్లల్ని భుజాలకెత్తుకుని, ఇంకాస్త కిందికి రమ్మని విమానానికి కేకలు వేశాం.